మైకులో అన్న మాట

పెళ్లి అలసట తీరకముందే హారతి లాప్‌టాప్ తెరిచింది. తెరిచాక కాఫీ తాగడం మర్చిపోయింది.

ఆమె వెబ్‌సైట్ పేరు ‘ఎసరు’. ఏ బియ్యానికి ఎన్ని నీళ్లు పోయాలి, కొత్త బియ్యం ముద్ద కాకుండా ఎలా వండాలి, పులిహోరకి ఏ రకం, దద్దోజనానికి ఏ రకం, పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలి, ఇవే అందులోని వ్యాసాలు. హారతి మండపేట రైసుమిల్లుల మధ్య పుట్టి, ఆ మిల్లుల మధ్యకే కోడలిగా వచ్చింది. బియ్యం గురించి రాయడానికి ఆమెకు కొదవలేదు. రెండేళ్లపాటు వ్యాసం వెనక వ్యాసం రాసుకుంటూ, చదివేవాళ్లను ఒక్కొక్కరినే కూడగట్టుకుంది. హైదరాబాదు, బెంగళూరు గదుల్లో మొదటిసారి కుక్కర్ ముట్టుకున్న కుర్రాళ్లే వాళ్లలో సగం మంది.

ఈ వేసవిలోనే ప్రకటనల కంపెనీ ఒకటి ఆమె సైట్‌ని ఒప్పుకుంది. వ్యాసం పక్కన ప్రకటనల బొమ్మలు వస్తాయి. వాటివల్ల నెలకింత అని బ్యాంకులో పడుతుంది. పెద్ద సంపాదనేం కాదు. కానీ అది తన సొంతం. భర్త సత్యప్రసాద్‌కి పోలవరం ప్రాజెక్టు దగ్గర ఉద్యోగం, ఇంటికి వచ్చేది సెలవుల్లోనే. పిల్లలు లేని ఆ ఇంట్లో పగలంతా ఆమెకు తోడు ఆ సైటే.

రోజూ దాని గ్రాఫు పొలం గట్టులా చదునుగా ఉండేది. ఈ ఉదయం, నిన్నటి తేదీ దగ్గర, నాలుగు గుట్టలు లేచి ఉన్నాయి.

ఒక గుట్ట, ఒక పల్లం. మళ్లీ గుట్ట, మళ్లీ పల్లం. మొదటిది చిన్నది. మూడోది అన్నిటికన్నా పెద్దది. అంతా నిన్న మధ్యాహ్నం జరిగింది.

నిన్న మధ్యాహ్నం ఆమె పెళ్లిలో ఉంది. మామగారి తమ్ముడి కూతురు సాయిదుర్గ పెళ్లి. పెళ్లికూతురి గదిలో చీర కుచ్చిళ్లు సర్దుతూ, నగలకు కాపలా కాస్తూ కూర్చున్న హారతికి ఆఖరి బంతి కూడా లేచేదాకా అన్నం తినే తీరికే దొరకలేదు. ఫోన్ ఏ సంచిలో పడిందో కూడా చూసుకోలేదు.

గుట్టలు చూడగానే గుండె ఎగిరింది. ఇన్నాళ్లకి జనం తనని కనుక్కున్నారా? ఆ సంతోషం కాఫీ చల్లారేంతసేపు కూడా నిలవలేదు. వచ్చినవాళ్లెవరూ ఒక్క పేజీ కూడా చదవలేదు. వచ్చారు, పక్కనున్న ప్రకటన నొక్కారు, పోయారు. కొందరైతే రెండుసార్లు, మూడుసార్లు నొక్కి మరీ పోయారు.

మనుషులు అలా చేయరు. మనుషులు అన్నం ముద్దయిందని వస్తారు, చదువుతారు, తమను తాము తిట్టుకుని పోతారు. ఇది ఎవడో యంత్రాలు పెట్టి చేయించిన పని.

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ ప్రకటనల మీద దొంగ క్లిక్కులు పడ్డాయి, మీ ఖాతా ఆపేశాం అని ఉంది. ఏం జరిగిందో రాసి ఒక్కసారి అప్పీలు చేసుకోవచ్చు. అది కొట్టేస్తే ఇంక ఈ ఖాతా ఎప్పటికీ తెరుచుకోదు.

ఏం జరిగిందో హారతికి తెలుసు. ఎవరు చేశారో కూడా తెలుసు.

* * *

నెల క్రితం ఆమెకు తణుకు నుంచి ఫోన్ వచ్చింది. “నా పేరు యుగంధర్ అండీ. వెబ్‌సైట్లకి ట్రాఫిక్ ఇప్పిస్తుంటాను. మీ సైట్ చూశాను. మంచి సరుకండీ, కానీ జనం లేరు. మా ప్యాకేజీ తీసుకోండి, వారంలో లక్ష మందిని పంపిస్తాను.”

“మనుషులేనాండీ?”

“ట్రాఫిక్ ట్రాఫిక్కేనండీ. మనిషైతే ఏంటి, ఇంకోటైతే ఏంటి? గ్రాఫు లేస్తుందా లేదా?”

“రాళ్లు కలిపితే బస్తా బరువూ లేస్తుందండీ. తినేవాడికి పన్ను విరుగుతుంది.”

అటువైపు నుంచి నవ్వు వినబడింది. “బాగా మాట్లాడతారండీ. సరే, ట్రాఫిక్ లేకుండా మీ సైట్ ఎన్నాళ్లు నడుస్తుందో నేనూ చూస్తాను.”

ఆ మాట ఇప్పుడు ఆమె చెవిలో మళ్లీ మోగింది. చూస్తాను అన్నాడు. చూపించాడు.

అప్పీలు రాయడానికి కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. రాసేముందు వాడి మొహం చూడాలనిపించింది. వెతికితే దొరికింది: ఆదివారం తణుకులో ‘ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ సంపాదన’, ఉచిత సదస్సు. మామగారికి పని ఉందని చెప్పి బస్సెక్కింది.

ఫంక్షన్ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. డిగ్రీ కుర్రాళ్లు, చంకలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్లు, రిటైరైన మాస్టార్లు. తెర మీద ఎవరెవరి సంపాదనో ఫొటోలు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో యుగంధర్ అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు. ప్రశ్నలుంటే అడగండి అని మైకు జనంలోకి పంపించాడు. అది నాలుగు చేతులు మారి హారతి దగ్గరికి వచ్చింది.

ఆమె లేచి నిలబడింది.

“నా పేరు హారతండీ. మాది మండపేట. ఈయన ప్యాకేజీ నేను వద్దన్నాను. వద్దన్నందుకు ఈయన యంత్రాలు పెట్టి నా సైట్ మీద దొంగ క్లిక్కులు కొట్టించాడు. నా ఖాతా మూతపడింది. రెండేళ్ల కష్టమండీ! ఈ మనిషి మీకు సంపాదన నేర్పుతాడా? ఇతను చేసేది ఇళ్లు కూల్చే పని!”

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఫోన్లు పైకి లేచాయి, వీడియో తీస్తున్నారు.

యుగంధర్ మొహం తెల్లబడింది. “నేను చేయలేదండీ. ఒట్టు. అలాంటిది నేనెందుకు...”

“చూస్తానన్నారు కదా ఫోన్లో! అనలేదా?”

“అన్నాను. కానీ అది...”

“విన్నారు కదండీ, ఒప్పుకున్నాడు!” అంది హారతి.

ముందు వరసలోంచి ఒకాయన, “మేం కట్టిన అడ్వాన్సు మాటేంటయ్యా?” అని లేచాడు. వెనక ఇంకో ఇద్దరు లేచారు. ఆమె మైకు కుర్చీలో పడేసి బయటికి నడిచింది. సిద్ధాంతం వంతెన మీద బస్సు వెళ్తుంటే కిటికీలోంచి గోదావరి గాలి మొహానికి కొట్టింది. జీవితంలో మొదటిసారి తాను చాలా పెద్ద మనిషిననిపించింది.

ఇల్లు చేరేదాకా అలాగే అనిపించింది.

* * *

మామగారు తాతాజీ వీధి వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ముప్పై ఏళ్లు రైసుమిల్లు మేనేజరుగా చేసి మానేసిన మనిషి. ఏ పెళ్లయినా వంటల దగ్గర ఆయనే నిలబడాలి. సాయిదుర్గ పెళ్లికి తమ్ముడు బఫే పెడతానంటే, నిలబడి తినడం గొడ్ల పని అని పోట్లాడి బంతి భోజనాలు పెట్టించారు. శుభలేఖలో చదివింపులు స్వీకరించం అని అచ్చు వేయించిన సంగతి మాత్రం ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

“వచ్చావామ్మా? ఇంక నేను ఆగలేను. నువ్వే చెప్తావని పెళ్లి అయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. చదివింపులు అందాయా?”

“ఏ చదివింపులండీ?”

ఆయన మీసాల చాటున నవ్వుకున్నారు. “నీకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నాలే. మా తమ్ముడు చదివింపులు వద్దని వేయించాడా, జనానికి ఒకటే ఇబ్బంది. ఉత్త చేతులతో వచ్చి ఎలా తింటామండీ తాతాజీ గారూ అని ఒకరు, కనీసం కవరైనా తీసుకోండి అని ఇంకొకరు. నాకు అప్పుడు తట్టింది. కవర్లు జేబులో పెట్టుకోండి, ఫోన్లు తియ్యండి అన్నాను. మా కోడలికి ఎసరు అని సైటుంది, అందులో పక్కన బొమ్మలొస్తాయి, అది నొక్కండి, అదే చదివింపు అన్నాను. ఎంత సంతోషించారనుకున్నావు!”

హారతి చేతిసంచి అరుగు మీద పెట్టింది. పెట్టిన చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

“మొదటి బంతి వాళ్లకి సరిగా చేతకాలేదమ్మా. ఏది నొక్కాలో తెలియక ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, పప్పు చల్లారిపోయింది. రెండో బంతికి నేనే దగ్గరుండి నొక్కించాను. మూడో దాంట్లో మిల్లర్లందరూ పడ్డారు, అది పెద్ద బంతి. నాలుగోది ఆడవాళ్లది. మీ సంపూర్ణమ్మ అత్తయ్య మూడుసార్లు నొక్కిందట! మెట్టినింటి తరఫున ఒకటి, పుట్టింటి తరఫున ఒకటి, మూడోది నీకు సంతానం కలగాలని.”

ఒక గుట్ట, ఒక పల్లం. వడ్డన, విస్తళ్లు ఎత్తడం, మళ్లీ వడ్డన.

“నీకెలా తట్టింది మావయ్యా అని అడగవేంటి?” అన్నారు ఆయన మురిపెంగా. “నువ్వే కదమ్మా చెప్పావు, నొక్కితే డబ్బొస్తుందని.”

చెప్పింది. వేసవిలో ఒకరోజు బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆయన వచ్చి అడిగారు, ఆ సైటు వల్ల డబ్బెలా వస్తుందమ్మా అని. తల ఎత్తకుండానే, ఆ బొమ్మ ఎవరైనా నొక్కితే వస్తుందండీ అంది. మిగతాది చెప్పలేదు. అవసరమున్నవాడు తనంతట తాను నొక్కితేనే అది చెల్లుతుందని, తెలిసినవాళ్లతో నొక్కించడం దొంగతనం కింద లెక్కని చెప్పలేదు. పెద్దాయనకి ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అనుకుంది. వందమంది కూలీలకీ, యాభై రకాల ధాన్యానికీ పద్దు చెప్పిన మనిషికి.

“అందాయా మరి?” అన్నారు ఆయన.

“అందాయండీ,” అంది హారతి. “బాగా అందాయి.”

లోపలికి వెళ్లి, పొద్దున కడిగి ఆరబెట్టిన గిన్నెల్ని మళ్లీ కడిగింది.

* * *

యుగంధర్ ఆఫీసు తణుకులో ఒక జిరాక్సు షాపు మీద గది. షట్టరు సగం దించి ఉంది. హారతి వంగి లోపలికి వెళ్లింది. అతను ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా లేదు, బనియన్ మీద ఉన్నాడు. ఆమెని చూసి గబగబా చొక్కా తగిలించుకున్నాడు.

“మళ్లీ మైకు కావాలాండీ?” అన్నాడు.

ఆమె కూర్చోలేదు. పెళ్లి, బంతులు, మామగారు, అన్నీ చెప్పింది. చెప్తున్నంతసేపూ అతని కళ్లలోకి చూడలేకపోయింది. గోడ మీదున్న కేలండరు వైపు చూసి చెప్పింది.

“క్షమించండి,” అంది చివరికి.

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

“మా అమ్మ చూసిందండీ ఆ వీడియో. ఎవరో పంపించారు. నేను మంచోణ్ణని మీకు చెప్పను. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనేం అమ్ముతున్నానో నాకు తెలుసు. కానీ ఇది నేను చేయలేదు. చేసినదానికి తల దించుకోవడం ఒకటి. చేయనిదానికి అమ్మ ముందు దించుకోవడం, అది వేరేగా ఉంటుందండీ.”

హారతి కేలండరు మీంచి చూపు తిప్పి మొదటిసారి అతని వైపు చూసింది.

అతను కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. మళ్లీ ముందుకు వంగేసరికి, సదస్సులో కనిపించిన మనిషే ఎదురుగా ఉన్నాడు.

“అప్పీలు పంపించారా?”

“ఇంకా లేదు.”

“పంపొద్దు. ఆ కంపెనీ వాళ్లకి మండపేట బంతి భోజనం అర్థమవుతుందాండీ? మావాళ్లు ప్రేమతో నొక్కారు అని మీరు రాస్తే, మీవాళ్లే నొక్కారు అని వాళ్లు చదువుతారు. కొట్టేస్తారు. అదే నా పేరు రాయండి. పగబట్టి నేనే చేశానని నేనూ మెయిల్ పెడతాను. బయటివాడి దాడి అయితే ఖాతా తిరిగి ఇస్తారు. ఇచ్చినవాళ్లని చూశాను.”

“మీకేంటి లాభం?”

“వచ్చే ఆదివారం సదస్సుకి రండి. మైకు నేనే ఇస్తాను. పొరపాటు పడ్డానండీ, యుగంధర్ గారి ట్రాఫిక్ వల్లే నా సైట్ లేచింది అనండి. తెర మీద మీ గ్రాఫు వేస్తాను. ఆ నాలుగు గుట్టలూ నిజమే కదా? నా పరువు నాకు, మీ ఖాతా మీకు.”

వద్దు అనాలి. నోటి దాకా వచ్చింది. దాని వెనకే రెండేళ్లు వచ్చాయి. ముద్దయిన అన్నం ఫొటోలు పంపిన కుర్రాళ్లు వచ్చారు. ఖాతాలో మొదటిసారి డబ్బు పడిన రోజు, ఎవరికీ చెప్పకుండా మామగారికి కొన్న కండువా వచ్చింది.

“రేపు చెప్తానండీ,” అంది.

మెట్లు దిగుతుంటే ఆ మాట ఆమె వెంటే వచ్చింది. రేపు చెప్తాను అంటే ఏంటి? ధర బాగుంది, ఆలోచిస్తాను అనేగా. పన్ను విరుగుతుందని ఫోన్లో అన్నది ఈ నోటితోనే.

* * *

ఇంటికి వచ్చేసరికి తాతాజీ వరండాలో లేరు. లోపల, భోజనాల బల్ల దగ్గర, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్లోంచి ఆమె గొంతే వినిపిస్తోంది. ‘ఇతను చేసేది ఇళ్లు కూల్చే పని!’

“సంపూర్ణమ్మ పంపించింది,” అన్నారు ఆయన. “మన కోడలు ఆడపులిలా మాట్లాడిందని మురిసిపోతోంది. నేను రెండుసార్లు చూశాను. దొంగ క్లిక్కులు పడ్డాయన్నావు. ఖాతా మూతపడిందన్నావు. అదీ పెళ్లి అయిన వెంటనే.” ఫోన్ మీంచి తలెత్తారు. “అవి నేను నొక్కించినవే కదమ్మా?”

అబద్ధం ఆడటానికి చోటు లేకుండా అడిగారు.

“అవునండీ.”

“మరి అందాయన్నావే.”

“మీరు బాధపడతారని.”

“అందుకని ఆ అబ్బాయిని బాధపెట్టావా?”

“అప్పటికి నాకూ తెలియదండీ! నిజంగానే అతనే చేశాడనుకున్నాను. ఆ రోజు తణుకు నుంచి వచ్చాక మీరు చెప్తేనే తెలిసింది.”

ఆయన ఫోన్ బోర్లించి పెట్టారు. “తిన్నది మనం. విస్తళ్లు అతని చేత ఎత్తించాం.”

హారతి ఇంక ఏదీ దాచుకోలేదు. యుగంధర్ గది గురించీ, అతను ఇస్తానన్న మెయిల్ గురించీ, తెర మీద వేస్తానన్న గ్రాఫు గురించీ చెప్పింది.

“నువ్వేమన్నావు?”

“రేపు చెప్తానన్నాను.”

తాతాజీ ఆమె వైపు చూశారు. కోపం లేదు. అదే కష్టంగా ఉంది. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది అనుకుంటూ ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుంది. అన్నం వేళ దాటింది. పొయ్యి వెలిగించలేదు.

ఆయన తిరిగి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

“సంపూర్ణమ్మ ఇంటికి వెళ్లొచ్చాను. ఆవిడకి విషయం చెప్పాను. ఏడ్చింది. ఇంక ఎవరికి చెప్పాలో ఒక్కొక్కరికీ నేనే చెప్పుకుంటాను, అది నా పని. నీ పని వేరు. నువ్వు మైకులో అన్నావు. గదిలోకి వెళ్లి గోడకి చెప్పినట్టు క్షమించమంటే సరిపోదమ్మా. ఎంతమంది విన్నారో అంతమంది మళ్లీ వినాలి.”

“అలా చెప్తే అతని వ్యాపారం మళ్లీ పుంజుకుంటుందండీ. హారతి గారే మెచ్చుకున్నారని ఆ ప్యాకేజీలు కొంటారు జనం. అది ఇంకో పాపం.”

“అయితే అతను చేయనిది చేయలేదని చెప్పు. చేస్తున్నది చేస్తున్నాడని చెప్పు. ముప్పై ఏళ్లు ధాన్యం కొన్నాను, తేమ ఎంతో తాలు గింజలెంతో విడివిడిగా చెప్పేవాణ్ణి. కలిపి చెప్తే రైతైనా మునుగుతాడు, మిల్లైనా మునుగుతుంది.” చెప్పులు విప్పారు. “ఆదివారం నేనూ వస్తాను.”

యుగంధర్‌కి ఫోన్ చేసి ఆదివారం వస్తున్నానని మాత్రం చెప్పింది. అతను సంతోషించి గ్రాఫు అడిగితే, దాని ఫొటో పంపింది. ఆ సంతోషానికి కూడా ఆమె సిగ్గుపడింది.

* * *

వీడియో పుణ్యమా అని ఆ ఆదివారం హాలు ఇంకా బాగా నిండింది. తగువు చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ. తెర మీద అప్పటికే నాలుగు గుట్టల గ్రాఫు ఉంది. హారతి గారు మీతో ఒక మాట చెప్తారని యుగంధర్ నవ్వుతూ మైకు చేతికిచ్చాడు. మూడో వరసలో తాతాజీ కొత్త కండువాతో కూర్చున్నారు.

మైకు ఈసారి బరువుగా ఉంది.

“కిందటిసారి ఇక్కడ నిలబడి, ఈయన నా సైట్ మీద దాడి చేయించాడని అన్నాను. అది అబద్ధమండీ. ఈయన చేయలేదు. నేను కనుక్కోలేదు, ఎవరినీ అడగలేదు, అనేశాను. నా మాట వల్ల ఈయన ఇంట్లో పెద్దావిడ తలదించుకుంది. యుగంధర్ గారూ, మీకూ మీ అమ్మగారికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.”

యుగంధర్ చేతులు జోడించాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయారు.

“ఆగండి, ఇంకా ఉంది. ఈ గ్రాఫు నాదే. ఈ గుట్టలు ఈయన పంపినవి కావు. మా ఇంట్లో పెళ్లయింది. చదివింపులు వద్దన్నారని, వచ్చినవాళ్లందరి చేతా నా ప్రకటనలు నొక్కించారు. ఇదిగో ఇది మొదటి బంతి, ఇది రెండోది. ఆ పెద్దది మిల్లర్ల బంతి.”

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా తలదించుకుని నిలబడింది. చెవులు కాలిపోతున్నాయి.

“నవ్వండి, పర్వాలేదు. వాళ్లందరూ నిజమైన మనుషులండీ. నామీద ప్రేమ ఉన్నవాళ్లు. అయినా ఒక్కరూ చదవలేదు, నొక్కి పోయారంతే. దానికే నా ఖాతా మూసేశారు. ప్రేమతో పంపిన జనానికే ఇలా అయితే, డబ్బు పెట్టి కొన్న జనానికి మీకేమవుతుంది? ఈయన వారంలో లక్ష మందిని పంపిస్తానన్నారు. మనుషులేనా అని నేనడిగాను. మనిషైతే ఏంటి అన్నారు. మీరు కూడా అదే ఒక్క ప్రశ్న అడగండి.”

నవ్వు పోయింది. యుగంధర్ మైకు కోసం చెయ్యి చాపాడు. అంతలో మూడో వరసలో తాతాజీ లేచారు. ఆయనకు మైకు అక్కర్లేదు, మిల్లు చప్పుడు మీద అరిచిన గొంతు.

“నొక్కించింది నేనండీ, ఆయ్. అమ్మాయికి తెలియదు. బాబూ యుగంధర్, తప్పు మా ఇంట్లో జరిగితే మాట నువ్వు పడ్డావు. పెద్దవాణ్ణి, చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నాను.”

పెట్టారు. ఆ ముసలి చేతులు జోడించి ఉండటం హారతి చూడలేకపోయింది.

చంకలో పిల్లాడితో ఉన్న ఒకావిడ అడిగింది, “మరి సంపాదన ఎలాగండీ అయితే?”

“నాకు రెండేళ్లు పట్టిందండీ,” అంది హారతి. “మీకు తెలిసినదాన్ని, ఎవరికో కావాల్సినదాన్ని రాయండి. తొందరగా వస్తుందన్నవాణ్ణి నమ్మకండి. ఇంతకన్నా చెప్పే ముఖం నాకు లేదు. నేనే మళ్లీ మొదటికి వచ్చాను.”

జనం ఒక్కొక్కరే లేచి వెళ్లారు. యుగంధర్ మైకు తీసుకుని స్విచ్ ఆపాడు.

“క్షమాపణ చెప్పారో, పాడె కట్టారో తెలియలేదండీ నాకు.”

“రెండూ నిజాలేనండీ.”

అతను తెర మీది గ్రాఫు వైపు చూసి నిట్టూర్చాడు. “మా అమ్మకి మొదటి సగం వరకే పంపిస్తాను లెండి. మిగతాది కత్తిరించి.”

ఆ మాట హారతికి గుచ్చుకుంది. సగం చెప్పడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

* * *

అప్పీలు ఆ సాయంత్రమే రాసింది. తాతాజీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, తన పేరు రాయాలని పట్టుబట్టారు. ఆమె రాయలేదు. ‘నా కుటుంబం వాళ్లు నాకు మేలు చేస్తున్నామనుకుని నొక్కారు. నియమాలు వాళ్లకు తెలియవు. చెప్పాల్సిన నేను చెప్పలేదు. తప్పు నాది,’ అని రాసి పంపింది.

జవాబు ఆ వారంలోనే వచ్చింది. రెండే వాక్యాలు. మీ అప్పీలు పరిశీలించాం. ఖాతా పునరుద్ధరించడం కుదరదు.

హారతి ఆ మెయిల్ మామగారికి చదివి వినిపించింది. యుగంధర్ చెప్పినట్టే జరిగింది. అతను అలా అన్నాడని ఇద్దరిలో ఎవరూ గుర్తు చేయలేదు.

తాతాజీ కండువా అంచు మడతపెట్టి విప్పారు. పెళ్లి దగ్గర్నుంచీ ఆయన ఏ భోజనాలకీ వెళ్లలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకి మోకాళ్ల నొప్పులని చెప్తున్నారు.

“అమ్మాయ్,” అన్నారు చివరికి. “ఆ వేసవిలో నేనడిగితే సగం చెప్పావు. ఆ రెండో సగం ఏంటో ఇప్పుడు చెప్పు.”

ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. పేజీల పక్కన ప్రకటనలుండే చోట్లు ఖాళీగా ఉన్నాయి. గ్రాఫు మళ్లీ పొలం గట్టులా చదునుగా ఉంది. దాని కింద ఒక చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

“ఇది ఇప్పుడు, ఈ నిమిషంలో చదువుతున్న మనిషండీ. ఎవరో మనకి తెలియదు. అన్నం ముద్దయితే ఏం చేయాలి అన్న పేజీలో ఉన్నారు. ఎవరూ పంపకుండా వచ్చారు.”

తాతాజీ కళ్లజోడు పైకి తోసుకుని ఆ చుక్కని దగ్గరగా చూశారు. చెయ్యి తెర దాకా వెళ్లింది. వెళ్లి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చేసింది.

“నేను చూస్తే ఏం కాదు కదమ్మా?” అన్నారు భయంగా.



“ఏం కాదండీ,” అంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.